శిస్తు వసూలు చేసిన చేతులే
(ధర్మనిధి స్మారక ఉపన్యాస పాఠం)



ఎవరి పేరున ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పెద్దాయన దగ్గర జూనియర్లుగా పనిచేసినవాళ్లు ఈ హాల్లో కొందరున్నారు. సెక్షన్ చదివి ఊరుకోవద్దు, దాని కింద ఇచ్చిన ఉదాహరణలు కూడా చదవండి అని ఆయన పోరుతుండేవారట. ఆ మాట ప్రకారమే మొదలుపెడతాను. 2024 దాకా అమల్లో ఉన్న ఇండియన్ పీనల్ కోడ్‌లో 330వ సెక్షన్ నేరం ఒప్పించడానికో, సొమ్ము రాబట్టడానికో మనిషిని గాయపరచడం గురించినది. దాని కింద నాలుగు ఉదాహరణలుండేవి. నేరం ఒప్పుకోమని చిత్రహింస పెట్టే పోలీసు అధికారి మొదటివాడు. దొంగసొత్తు ఎక్కడ దాచావో చూపించమని హింసించే పోలీసు అధికారి రెండోవాడు. మూడోవాడు పోలీసు కాదు, బకాయి శిస్తు కట్టమని హింసించే రెవెన్యూ అధికారి. నాలుగోవాడు మక్తా కోసం రైతును హింసించే జమీందారు.

దొంగతనం కేసుల పక్కన శిస్తు బకాయి ఎందుకు వచ్చి కూర్చుంది? 1860 అక్టోబరులో ఆమోదం పొంది 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కోడ్ అది. అప్పటికి అయిదారేళ్ల ముందే మద్రాసు రాజధానిలో ఒక కమిషన్ కూర్చుని, కచేరీల్లో శిస్తు కోసం రైతుల్ని ఎలా హింసిస్తున్నారో సాక్ష్యాలతో సహా పుస్తకం వేసింది. ఈ నాలుగు ఉదాహరణల్లోని మనుషులు మన జిల్లాల్లో నిజంగా తిరిగినవాళ్లే. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ కమిషన్ గురించీ, దాని పేరు చెప్పి వచ్చిన సంస్కరణల గురించీ. కంపెనీ సర్కారు కాలంలోనూ, ఆ తర్వాతి దొరతనంలోనూ సంస్కరణ అన్నప్పుడల్లా ఒక చేతిలోని పనిని తీసి ఇంకో చేతిలో పెట్టడమే జరిగిందనీ, ఆ చేతుల మీద పైనుంచి పడే ఒత్తిడి జోలికి ఎవరూ పోలేదనీ నా అభిప్రాయం.

కొంచెం వెనక్కి వెళ్దాం. కంపెనీ రాకముందు ఊరి కాపలా కావలివాళ్లది, తలార్లది. రాయలసీమలో పాళెగాళ్లు కావలి రుసుము వసూలు చేసుకుని, తమ హద్దులో దొంగతనం జరిగితే సొత్తు తెప్పించడమో, నష్టం కట్టడమో చేయాల్సి ఉండేది. ఇదేదో రామరాజ్యమని నేననను. కావలి రుసుము ఇవ్వని ఊళ్లో దొంగతనాలు చేయించేదీ ఆ పాళెగాడేనని రైతులకు తెలుసు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లలో ఈ పాళెగాళ్లను అణచి, వాళ్ల కావలి హక్కుల్ని రద్దు చేశాడు.

1802లో బెంగాల్ నుంచి కారన్‌వాలిస్ పద్ధతి మద్రాసుకు దిగుమతి అయింది. జిల్లా జడ్జీలు వచ్చారు. మచిలీపట్నంలో, చిత్తూరులో, తిరుచిరాపల్లిలో, తలశ్శేరిలో ప్రొవిన్షియల్ కోర్టులు వెలిశాయి. పైన మద్రాసులో సదర్ అదాలత్. పోలీసు పని దారోగాలకు, వాళ్ల మీద అజమాయిషీ జడ్జికి. కలెక్టరు శిస్తు చూసుకుంటాడు, మేజిస్ట్రేటు అధికారం జడ్జి దగ్గర ఉంటుంది. కాగితం మీద చూస్తే ఈ ఏర్పాటు బాగానే ఉంది. శిస్తు వేసేవాడే తీర్పు చెప్పకూడదన్న నియమం అందులో ఉంది. కానీ జడ్జీలు చాలినంతమంది లేరు, వ్యాజ్యాలు గుట్టలు పడ్డాయి, దారోగాలకు ఊరి వాసన తెలియదు. అదాలత్‌కు పనికొచ్చే మనుషులు కూడా అరుదే. ఒంగోలు సీమకు చెందిన వెన్నెలకంటి సుబ్బారావు సదర్ అదాలత్‌లో అనువాదకుడిగా, దుబాసీగా పనిచేశాడు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న జీవితకథ 1873లో అచ్చయింది. కొత్త కోర్టుల్ని లోపలినుంచి చూసిన తెలుగువాడి మాట వినాలనుకునేవాళ్లు అది చదవాలి.

మన్రోకు కారన్‌వాలిస్ పద్ధతి మొదటినుంచీ గిట్టదు. 1814లో కమిషనరుగా తిరిగొచ్చి, 1816లో వరసగా రెగ్యులేషన్లు తెప్పించాడు. నాలుగో రెగ్యులేషన్ ఊరి మునసబుకు చిన్న వ్యాజ్యాలు తీర్చే అధికారం ఇచ్చింది. అయిదోది పంచాయతీలకు. ఆరోది జిల్లా మునసబులకు. తొమ్మిదోది జడ్జి దగ్గరున్న మేజిస్ట్రేటు అధికారాన్ని తీసి కలెక్టరు చేతిలో పెట్టింది. పదకొండోది దారోగాలను రద్దు చేసి, పోలీసు పనిని తాసీల్దారుకు, ఊళ్లో మునసబుకు, కరణానికి, తలారికి అప్పగించింది. ఆనాటినుంచి శిస్తు వసూలు చేసే తాసీల్దారే తాలూకాకు పోలీసు పెద్ద. ఆయన మీద కలెక్టరు, ఆయనే మేజిస్ట్రేటు. ఊళ్లో మనిషి ఫిర్యాదు చేయాలంటే ఎవరి మీద చేయాలో వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

మన్రోను మన సీమలో ఇప్పటికీ మంచి దొరగానే తలుచుకుంటారు. 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మనిషి మీద ప్రేమ ఉండటంలో తప్పులేదు. ఆయన ఆలోచనలో కొంత నిజముంది కూడా. ఊరి వ్యవహారం ఊరి మనుషులకే తెలుసన్నాడు. అయితే అదే పదకొండో రెగ్యులేషన్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. చిన్న తగాదాలకు ఊరి పెద్ద పన్నెండు గంటలు నిర్బంధించవచ్చు. నేరం చేసినవాడు తక్కువ కులంవాడైతే ఆరు గంటల వరకు బొండకొయ్యలో కాళ్లు బిగించి కూర్చోబెట్టవచ్చు. కులాన్ని బట్టి శిక్ష అని అచ్చులో, ఇంగ్లీషులో, రెగ్యులేషన్ నంబరుతో సహా రాశారు. మనుధర్మం పోయి దొరల ధర్మం వచ్చిందని సంబరపడేవాళ్లు ఈ సెక్షన్ ఒకసారి చూడాలి.

ఇక శిస్తు. దత్తమండలాల్లో తాను వేసిన శిస్తు ఎక్కువైందని, పాతిక శాతం తగ్గించాలని 1807లో మన్రోయే రాశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. 1820లో తాను గవర్నరై వచ్చాకగానీ ఆ తగ్గింపు అమల్లోకి రాలేదు. వర్షం పడని ఏడు, పంట చేతికి రాకముందే కిస్తు గడువు ముంచుకొచ్చే సీమల్లో దీని అర్థమేమిటో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు. జమాబందిలో ఫలానా మొత్తం అని రాసేశారు. కలెక్టరు తాసీల్దారును, తాసీల్దారు మునసబునూ కరణాన్నీ, వాళ్లు బంట్రోతును అడుగుతారు. బంట్రోతు చేతికి దొరికేది రైతు ఒళ్లే.

ఆ ఒంటిని ఏం చేసేవారో కమిషన్ నివేదికలో ఉంది. వేళ్లు రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కడం, దీనికి తమిళంలో కిట్టి, మన జిల్లాల్లో చిరత. మెడకూ కాలి బొటనవేళ్లకూ తాడు కట్టి మనిషిని వంచి, అలాగే ఎండలో నిలబెట్టడం, వీపు మీద రాయి ఎత్తడం. అన్నం, నీళ్లు, కాలకృత్యాలు లేకుండా ఆపడం. కళ్లలో కారం. జుట్టు గాడిద తోకకు కట్టడం. ఇవన్నీ దొంగల కోసం మాత్రమే కాదు, రూపాయి, రెండు రూపాయల బకాయి కోసం కూడా. ఇందులో ఏదీ చట్టంలో లేదు. కానీ ఆపాల్సిన మేజిస్ట్రేటే శిస్తు రాబట్టాల్సిన కలెక్టరు కూడా కావడంతో, ఎవరికీ తెలియకుండా ఉండటమే అందరికీ సౌకర్యంగా ఉండేది.

ఈ గుట్టు లండన్ దాకా వెళ్లడానికి కారకుడు మద్రాసులో స్థిరపడిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. బట్టలు, నీలిమందు వ్యాపారం చేసే కుటుంబం. 1844లో క్రెసెంట్ పత్రిక మొదలుపెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. కంపెనీ చార్టర్ మళ్లీ పార్లమెంటు ముందుకు వచ్చే సమయం చూసుకుని, ఆ సంఘం తరఫున పార్లమెంటుకు మహజరు పంపించాడు. అందులో రైత్వారీ శిస్తు భారం, కోర్టుల జాప్యం, కచేరీల్లో హింస అన్నీ ఉన్నాయి. మహజరు పంపి ఊరుకుంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చినప్పుడు శెట్టి ఆయన్ను జిల్లాల్లోకి తీసుకెళ్లి ఊళ్లు చూపించాడు. 1854 జులైలో కామన్స్ సభలో మద్రాసు భూమిశిస్తు మీద చర్చ వచ్చినప్పుడు హింస మాట బయటపడింది. లేదు, కాదు అని కంపెనీ పక్షంవాళ్లు అన్నారు. చివరికి విచారణ తప్పలేదు. మన పాఠ్యపుస్తకాల్లో 1885 కాంగ్రెస్‌కు ముందు పెద్దగా ఎవరూ కనిపించరు. శెట్టి పేరు మీద అధ్యాయం కాదుగదా, ఒక పేరా కూడా ఉండదు. వ్యాపారంలో సంపాదించినదంతా ఈ పనులకే పెట్టి, 1868లో డబ్బులేనివాడిగా పోయాడాయన.

కమిషన్‌లో ముగ్గురు: ఇలియట్, స్టోక్స్, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్. దండోరా వేయించి ఫిర్యాదులు తీసుకున్నారు. ఉత్తరాలు, మనుషులు కలిపి దాదాపు రెండువేల ఫిర్యాదులు వచ్చాయి. రోజుల తరబడి నడిచి మద్రాసు చేరినవాళ్లున్నారు. తిరిగి ఊరెళ్తే తాసీల్దారు ఏం చేస్తాడో తెలిసీ వచ్చినవాళ్లు వాళ్లు. ఈ ధైర్యానికి మన చరిత్రలో సరైన చోటు దొరకలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. నివేదిక 1855లో వెలువడింది. హింస ఉంది, విస్తారంగా ఉంది, శిస్తు కోసమే ఎక్కువగా ఉంది అని తేల్చింది. రెండేళ్ల తర్వాత, 1857 తిరుగుబాటు మధ్యలో, సిపాయిల క్రూరత్వం మీద ఇంగ్లండు పత్రికలు కేకలు వేస్తుంటే, కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో ఇదే నివేదికను ముందుపెట్టి వ్యాసం రాశాడు. మన తాలూకా కచేరీల సంగతులు అలా అమెరికా పత్రికకెక్కాయి.

నివేదికలో అసలు మెలిక ఇంకోచోట ఉంది. జనం మొర తెల్లదొరల మీద కాదు, తమ సాటి నల్లవాళ్ల క్రూరత్వం నుంచి కాపాడమని మాత్రమే అన్నది కమిషన్ సారాంశం. తెల్ల అధికారులు ఎవరూ హింసను ప్రోత్సహించలేదన్నారు. అది నిజమే అనుకుందాం. మరి జమాబంది లెక్క ఎవరు వేశారు? కిస్తు గడువు ఎవరు పెట్టారు? వసూలు తక్కువైతే సంజాయిషీ ఎవరడిగారు? బంట్రోతు చెయ్యి నల్లది, దాన్ని తోసిన సంతకం తెల్లది. కమిషన్ చేతినే చూసి సంతకాన్ని వదిలేసింది. ఇంత నిజాయితీగా సాక్ష్యం పోగుచేసిన మనుషులు చివరి మెట్టు మీద ఎందుకు ఆగిపోయారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒక్క మెట్టు ఎక్కితే రైత్వారీ శిస్తునే తప్పుపట్టాల్సి వస్తుంది. వ్యాధి పోలీసుదని రాస్తే మందు కూడా పోలీసుకే వేయవచ్చు.

ఆ మందే 1859 నాటి 24వ చట్టం, మద్రాసు పోలీసు చట్టం. ఐర్లండు కాన్‌స్టాబులరీని, సింధులో చార్లెస్ నేపియర్ 1843లో పెట్టిన పోలీసును చూసి తయారుచేసిన నమూనా ఇది. పోలీసు పని తాసీల్దారు చేతినుంచి పోయింది. విలియం రాబిన్సన్ మొదటి చీఫ్ కమిషనరు. ఆయన కింద జిల్లాకు ఒక సూపరింటెండెంటు, వాళ్ల కింద ఇన్‌స్పెక్టర్లు, యూనిఫారం వేసుకున్న కానిస్టేబుళ్లు. 1860లో ఏర్పడ్డ అఖిల భారత పోలీసు కమిషన్‌లో రాబిన్సన్ కూడా సభ్యుడే. దాని ఫలితంగా వచ్చిన 1861 పోలీసు చట్టానికి మద్రాసు చట్టం దారి చూపింది. ఆ 1859 మద్రాసు చట్టమే ఆంధ్ర ప్రాంత జిల్లా పోలీసు చట్టమన్న పేరుతో స్వతంత్రం వచ్చాక కూడా మన పుస్తకాల్లో కొనసాగింది. తెలంగాణకు మాత్రం ఫసలీ సంవత్సరం పేరున్న హైదరాబాదు చట్టం వేరుగా ఉండేది.

ఇంతవరకు బాగుంది. కానీ ఊళ్లోని తలారిని, మునసబును ఈ కొత్త దళంలో కలపలేదు. వాళ్లు రెవెన్యూ వైపే ఉండిపోయారు. అంటే ఠాణా నుంచి వచ్చిన జవానుకు ఊరు తెలియదు, ఊరు తెలిసినవాడికి పోలీసు అధికారం తాసీల్దారు నీడలోంచే రావాలి. రైతు మీద ఇప్పుడు రెండు కచేరీలు పడ్డాయి. పైన జిల్లా మేజిస్ట్రేటు పేరుతో కలెక్టరు యథాతథంగా నిలిచాడు. సూపరింటెండెంటు నేరుగా తన పోలీసు శాఖ అధిపతికి జవాబుదారీ అయినా, శాంతిభద్రతల్లో కలెక్టరు మాటే చెల్లేది.

కొత్త పోలీసును దొరతనం తానే ఎంత నమ్మిందో చెప్పడానికి ఒకే ఒక సెక్షన్ చాలు. 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే, పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని రాసేశారు. అదే జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ తయారుచేసిన 1872 సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లయింది. పోలీసు సంస్కరణ చట్టం వచ్చి రెండేళ్లు తిరగకుండానే, ఆ పోలీసు చెప్పించిన మాట కోర్టులో వద్దని చట్టమే అంది. ఇంగ్లండులో ఇలాంటి గుండుగుత్త నిషేధం లేదు. పక్కనే 27వ సెక్షన్ మాత్రం ఒక కిటికీ తెరిచి ఉంచింది. నిందితుడి మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. క్రిమినల్ ప్రాక్టీసులో ఉన్న మిత్రులకు ఈ కిటికీలోంచి ఎన్ని కత్తులు, ఎన్ని రక్తపు చొక్కాలు బయటికి వచ్చాయో నేను చెప్పనక్కర్లేదు. దొంగసొత్తు చూపించమని హింసించే పోలీసును 330వ సెక్షన్ ఉదాహరణలో శిక్షిస్తూ, ఆ సొత్తు దొరికితే ఫలితాన్ని 27వ సెక్షన్‌లో స్వీకరిస్తూ వచ్చాం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఈ మూడు సెక్షన్లనూ కలిపి 23వ సెక్షన్ చేశారు. కిటికీ అలాగే ఉంది.

మైదానంలో ఈ కథ ఇలా నడిస్తే, కొండల్లో ఇంకోలా నడిచింది. విశాఖ, గంజాం ఏజెన్సీలను మామూలు రెగ్యులేషన్ల నుంచి తప్పించి కలెక్టరును ఏజెంటుగా పెట్టిన చట్టం 1839లోనే వచ్చింది. గోదావరి పక్క రంపకు ఆ రక్షణ అప్పట్లో లేదు. అక్కడికి పోలీసు, సివిలు కోర్టు, కల్లు పన్ను అన్నీ మైదానపు తీరులోనే వెళ్లాయి. కొండరెడ్డికి కోర్టు ఎక్కడుందో తెలియదు. మైదానపు షావుకారు రాజమండ్రిలో దావా వేసి, ఏకపక్షంగా డిక్రీ తెచ్చుకుని, బంట్రోతును, పోలీసును వెంటపెట్టుకుని కొండెక్కి పశువుల్ని తోలుకుపోయేవాడు. అయిదు రూపాయల అప్పుకు వంద రూపాయల సొత్తు పోయిందన్న మొరలు తర్వాత జరిగిన విచారణలో వచ్చాయి. దానికి తోడు, ఇంట్లోకి కల్లు గీసుకున్నా పన్నే. 1879లో రంప లేచినప్పుడు మొదట దెబ్బతిన్నవి పోలీసు ఠాణాలు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరసగా మూడురోజులు పట్టుకోవడం మనందరికీ తెలుసు. తుపాకుల కోసమే పట్టుకున్నాడు, నిజమే. కానీ కొండవాడికి ప్రభుత్వం కనిపించేది ఆ ఠాణా రూపంలోనే కదా.

ఇదే సంస్కరణల యుగంలో ఉప్పు, ధాన్యం గాడిదల మీద మోసుకుని ఊరూరా అమ్ముకునే ఎరుకల కుటుంబాల బతుకు రైళ్లొచ్చి, ఉప్పు సర్కారుదై దెబ్బతింది. తిరిగేవాళ్లు అనుమానితులయ్యారు. 1911 నేరస్థ జాతుల చట్టం మద్రాసుకు వర్తించాక వేలిముద్రలు, హాజరు పట్టీ, ఊరు దాటితే పాసు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటుకు మద్రాసు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అదే మన స్టూవర్టుపురం. అక్కడి మనుషుల్ని చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలికి పెట్టారు. నేరం మాన్పించడమన్న పేరు కిందే చవక కూలీ సరఫరా కూడా జరిగిపోయింది. మద్రాసులో 1947లో ఆ చట్టం పోయి, 1948లో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. జాతి అన్న మాట పోయింది. ఠాణాలో రిజిస్టరు పోలేదు. బిడ్డ స్కూల్లో ఊరిపేరు చెప్పడానికి జంకే పరిస్థితి రెండు మూడు తరాలు నడిచింది.

పోలీసు పనితీరు మీద 1902లో ఆండ్రూ ఫ్రేజర్ కమిషన్ కూర్చుంది. సమర్థత లేదు, అవినీతి ఉంది, జనం పోలీసును పీడకుడిగా చూస్తున్నారని అదే తేల్చింది. 1855 నివేదికకూ దీనికీ మధ్య దాదాపు యాభయ్యేళ్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, పేజీలు తారుమారైనా చాలాచోట్ల తేడా తెలియదు.

కలెక్టరు చేతిలోంచి మేజిస్ట్రేటు పని తీసేయమని కాంగ్రెస్ పుట్టినప్పటినుంచీ అడుగుతూనే ఉంది. తెల్లదొరతనం డబ్బు లేదంది, సమయం కాదంది. అసలు కారణం, రాజకీయ ఖైదీల్ని శిక్షించే అధికారం ప్రభుత్వం మాట వినే మనిషి దగ్గర ఉండాలన్నదేనని నా నమ్మకం. విచిత్రమేమిటంటే, నిరంకుశమని మనం తిట్టుకునే నిజాం ప్రభుత్వం ఈ విభజనను 1921లోనే ప్రకటించింది. హైదరాబాదులో అది ఎంతవరకు నిజంగా నడిచిందన్నది వేరే ఉపన్యాసానికి సరిపడే సంగతి. బ్రిటిషు ఇండియా దాన్ని స్వతంత్రానికి వదిలేసింది. రాజ్యాంగం 50వ అధికరణంలో పెట్టుకున్నాం. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక గానీ దేశమంతటా పూర్తి కాలేదు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దుచేసినప్పుడు 1816 నాటి కింది మెట్టు కూడా కూలింది.

పూర్తయిందా అంటే, లా విద్యార్థులు ఏదైనా ఎన్నికల ముందు వారం తాసీల్దారు ఆఫీసుకు వెళ్లి చూడండి. వరండాలో పదిమందో ఇరవైమందో నిలబడి ఉంటారు, పక్కన కానిస్టేబులు. రౌడీషీటు ఉందనో, గతంలో ఏదో గొడవలో పేరుందనో పోలీసులు తీసుకొచ్చినవాళ్లు. లోపల తాసీల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో వాళ్ల చేత బాండు రాయించుకుంటాడు. బైండోవర్. చాలాచోట్ల అచ్చువేసిన ఫారమే, పేర్లు మాత్రం పూరించడమే. వకీలు కనిపించడం తక్కువ. నేరం ఇంకా జరగలేదు కాబట్టి నేరం రుజువు చేయాల్సిన పనీ లేదు. పన్ను వసూళ్లు, భూముల రికార్డులు, ఈ మేజిస్ట్రేటు అధికారం ఒకే సంతకం కింద, ఒకే మేజా మీద. ఆ ఫారాల మీద జిల్లాలో ఏడాదికి ఎన్ని సంతకాలు పడుతున్నాయి, వాటిలో ఎన్నింటిలో ఎదుటివాడికి చదివి వినిపించారు, ఎన్ని సెషన్స్ కోర్టు దాకా వచ్చాయి అన్నది మీ బార్ అసోసియేషన్ సమాచార హక్కు కింద అడిగి, వచ్చే ఏడు ఇదే వేదిక మీద ఎవరో ఒక జూనియర్ చేత చదివించాలని నా కోరిక.